ర్యామ్ వేసుకోవడం ఎలా?

మా అన్న బెజవాడలో పాత కంప్యూటరు కొన్నాడు. రెండు పనులు పెడితే ఆగిపోయేది. కొత్తది కొనుక్కోమన్నారు అందరూ. డబ్బులెక్కడివి? ర్యామ్ పెంచితే సరిపోయింది.

హార్డ్ డిస్కు మన ట్రంకుపెట్టె అనుకోండి. ర్యామ్ అంటే పుస్తకాలు పరుచుకునే చాప. చాప చిన్నదైతే మాటిమాటికీ పెట్టె తీసి మూయాలి, అందుకే ఆలస్యం.

ముందు టాస్క్ మేనేజర్‌లో చూడండి. మెమరీ ఎప్పుడూ నిండిపోయి ఉంటేనే కొనండి, లేకపోతే దండగ. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. గాటు ఉండే చోటు కూడా వేరు. ఒకదాని స్లాటులో ఇంకోటి పట్టదు, బలవంతాన నొక్కితే బోర్డే పోతుంది! పాత ముక్క షాపుకి పట్టుకెళ్లి చూపించడం మేలు.

స్విచ్ కట్టేస్తే చాలదు, వైరు పీకెయ్యాలి. తర్వాత డబ్బాలో రంగు వెయ్యని ఇనుముని ముట్టుకోవాలి. దువ్వెనకి కాగితం ముక్కలు అంటుకుంటాయే, ఆ స్థిరవిద్యుత్తే మన ఒంట్లోనూ ఉంటుంది. అది చిప్పుని పాడుచేసినా మనకి తెలీదు.

అంచులే పట్టుకోండి. గాటు కుదిర్చి రెండువైపులా నొక్కితే క్లిప్పులు టక్కుమని పడతాయి. ఆన్ చేశాక బీప్ బీప్ అని అరిస్తే భయపడొద్దు, మళ్లీ వైరు పీకి, ర్యామ్ తీసి సరిగ్గా పెట్టండి. మన దివిసీమ తేమకి పిన్నులు మసకబారతాయి, పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిస్తే పోతుంది.