నష్టభయము తెరచిన తలుపు

1960వ దశకమున టెలివిజను పోటీచేతను, భారీ చిత్రముల నష్టములచేతను హాలీవుడ్ స్టూడియోల అధిపతులకు దిక్కుతోచలేదు. విధిలేక వారు యువదర్శకులకు తలుపులు తెరచిరి. 1967లో ఆర్థర్ పెన్ ‘బానీ అండ్ క్లైడ్’, 1969లో డెన్నిస్ హాపర్ ‘ఈజీ రైడర్’ వెలువడినవి. సుమారు 4 లక్షల డాలర్లతో తయారైన ఈ రెండవ చిత్రము కోట్ల డాలర్లు ఆర్జించినది. కొప్పొలా, స్కోర్సెసీ ప్రభృతుల చిత్రములందు దర్శకుని దృష్టియే ప్రధానమైనది.

అయితే ఆ స్వేచ్ఛకు సంయమము తోడుకాలేదు. 1980లో మైకేల్ చిమినో ‘హెవెన్స్ గేట్’కు సుమారు 4 కోట్ల 40 లక్షల డాలర్లు వ్యయముకాగా, వసూళ్లు 40 లక్షలకైనను చేరలేదు. దానికి పెట్టుబడి పెట్టిన యునైటెడ్ ఆర్టిస్ట్స్, 1919లో చాప్లిన్ మొదలగు కళాకారులు తమ స్వాతంత్ర్యమునకై స్థాపించుకొన్న సంస్థ. మరుసటి యేడే అది అమ్ముడుపోయినది. పగ్గములు మరల స్టూడియోలకే చిక్కినవి. నష్టభయము తెరచిన తలుపును నష్టభయమే మూసినది.