డబ్బా దొరికింది, బిరుదూ దక్కింది!

సంక్రాంతి ముగ్గుల పోటీలో బహుమతిగా స్టీలు గిన్నె ఇచ్చారా, ప్లాస్టిక్ బుట్ట ఇచ్చారా అన్నది మనకు పట్టదు. ‘వీధిలో ఫస్టు ఎవరు?’ అన్నదే ముఖ్యం. జియోక్యాచింగ్ అనే ఆటలో సరదా కూడా అదేనండీ.

పేరు చూసి బెదరకండి. ఒకరు మూత ఉన్న డబ్బాలో చిన్న నోటుపుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెబుతారు. తక్కినవాళ్ళు సెల్‌ఫోను చూసుకుంటూ వెతికి, సంతకం చేసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి వస్తారు. ఉపగ్రహ సంకేతాల్లో కావాలని పెట్టిన తేడాను అమెరికా ప్రభుత్వం 2000 మే 2న తీసేసింది. ఆ మర్నాడే ఆరెగాన్‌లో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్టు దాచి ఈ ఆట మొదలుపెట్టాడు. అందులో చిక్కుడుగింజల డబ్బా కూడా ఉందట! ఇప్పుడు తిండివస్తువులు పెట్టనివ్వరు, జంతువులు వాసన పడతాయని.

మన నందికొట్కూరు ఇంచుమించు 15 డిగ్రీల 52 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 16 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గరుంది. ఇంతే చెబితే ఊరు దొరుకుతుంది గాని డబ్బా దొరకదు. నిమిషాల తర్వాత చుక్కపెట్టి మూడంకెలు వెయ్యాలి. అక్షాంశంలో ఆ చివరి అంకె ఒకటి మారితే ఆరడుగుల తేడా. ఫోను ఎలాగూ పది పదిహేనడుగులు అటూ ఇటూ చూపిస్తుంది, ఆపైన కళ్ళదే పని. పోపులడబ్బాలో చిల్లర దాచే ఇల్లాలికి అదెంత?

మొదట సంతకం చేసినవారిని ‘ఫస్ట్ టు ఫైండ్’ అంటారు. ఈ తొలి సంతకం కోసం తెల్లవారకుండానే పరుగెత్తేవాళ్ళున్నారు. విచిత్రమేమంటే, ఆట నడిపే సంస్థ ఈ లెక్క అధికారికంగా రాయదు. పుస్తకంలో మొదటి పేరే సాక్ష్యం. తోటివాళ్ళు ఒప్పుకుంటేనే బిరుదు!

మన సీమలో మాత్రం ఒక చిక్కుంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతికే జిల్లా మన పక్కనే. గుప్తనిధుల పిచ్చితో పాత గుళ్ళు తవ్వినవాళ్ళూ ఉన్నారు. పాడుబడ్డ గుడి దగ్గర మీరు ఫోను పట్టుకుని తచ్చాడితే ఊరివాళ్ళు అనుమానించరా? అనుమానించాలి కూడానూ. నేల తవ్వి పాతకూడదు, స్థలం సొంతదారుని అడగాలి అన్నవి ఆట నియమాలే. గుళ్ళ దగ్గర అసలు డబ్బా వద్దు. శ్రీశైలం నీళ్ళు తగ్గితే బయటపడే సంగమేశ్వరంలో దాస్తే అది కృష్ణమ్మ పాలే! అక్కడ ఏం చూశారో ప్రశ్న అడిగి, సరిగ్గా చెప్పినవారికి మార్కు వేస్తే చాలు.

ముందు నాలుగిళ్ళవాళ్ళు కలిసి మీ కాంపౌండులోనే మొదలుపెట్టండి. డబ్బామీద ‘ఇది ఆట డబ్బా’ అని రాసి ఫోను నంబరు అంటించండి, చూసినవాళ్ళు హడలిపోకుండా. రాళ్ళసందుల్లో తేళ్ళుంటాయి. చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించమని పిల్లలకు మరీ మరీ చెప్పండి.