ఎనిమిదడుగుల పెరట్లో పచ్చని తోట

పట్నాల్లో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇంటి వెనుక ఎనిమిదడుగుల వెడల్పు పెరడు మిగిలితే అదే గొప్ప. దారికి అడ్డం రాకుండా ప్రహరీ గోడ మొదట్లో ఒక గులాబి అంటు నాటుతారు. రోజూ నీళ్లు పోస్తారు, ఎరువు వేస్తారు. అయినా అది పాలిపోయి, సన్నగా పొడుగ్గా సాగి, ఒక పక్కకు వాలి, పువ్వు పూయకుండానే ఎండిపోతుంది. "ఈ ఇరుకులో మొక్కలేం బతుకుతాయి!" అని పెద్దవాళ్లు విసుక్కుంటారు. ఆ తర్వాత పెరడంతా సిమెంటు చేయించేస్తారు.

నిజానికి ఆ గులాబిని చంపింది ఇరుకు కాదు, నీడ. ఇరుకు పెరట్లో నేలకంటే ఎండకే కరువెక్కువ. ఆ కొద్ది ఎండ ఎక్కడ పడుతుందో తెలుసుకుంటే అక్కడే మంచి తోట వేయవచ్చు.

నీడకూ లెక్క ఉంది

విజయవాడలో ఒక ఇల్లు ఉందనుకోండి. పెరడు ఇంటికి దక్షిణాన ఉంది. వెడల్పు 8 అడుగులు, పొడవు 20 అడుగులు. దక్షిణపు అంచున 6 అడుగుల ప్రహరీ గోడ, ఉత్తరాన 10 అడుగుల ఇంటి గోడ ఉన్నాయి.

విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 22 ప్రాంతంలో సూర్యుడు 23.5 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి నడినెత్తిన ఉంటాడు. 90లోంచి ఈ రెండూ తీసేస్తే 50 మిగులుతుంది. అంటే ఆ రోజు మిట్టమధ్యాహ్నం విజయవాడలో సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులో కనిపిస్తాడు. త్రికోణమితి చదివినవారు 6ను టాన్ 50 డిగ్రీలతో, అంటే 1.19తో భాగించి చూడండి. ప్రహరీ నీడ 5 అడుగులు వస్తుంది. ఇంటి వైపున్న 3 అడుగుల నేలకే ఎండ!

మరి జూన్ 21న? అప్పుడు సూర్యుడు నడినెత్తిని దాటి 7 డిగ్రీలు ఉత్తరానికి జరుగుతాడు. ఈసారి నీడ ఇంటి గోడది. అయితే అది అడుగుకు కాస్త ఎక్కువ, అంతే. చూరు ముందుకు వచ్చి ఉంటే మరికొంత పెరుగుతుంది.

రెండు లెక్కలూ కలిపి చూడండి. ఇంటి గోడకు రెండడుగుల దూరంలో ఉన్న నేలకు ఏడాది పొడవునా మధ్యాహ్నపు ఎండ తగులుతుంది. గులాబికీ, మల్లెకూ రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ కావాలి. కాబట్టి వాటి చోటు అదే. మనం నాటిందేమో ఎదురు గోడ మొదట్లో!

గులాబి ఎందుకు వాలింది?

మొలక చివరి భాగం వెలుగును పసిగడుతుందని చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1880లో ప్రకటించిన గ్రంథంలో ప్రయోగాలతో చూపారు. కాండంలోని ఆక్సిన్ అనే హార్మోను నీడ ఉన్న వైపు ఎక్కువగా చేరుతుంది. ఆ వైపు కణాలు ఎక్కువ సాగుతాయి. అందుకే మొక్క వెలుగు వైపు వంగుతుంది. మన గులాబి ఎండను వెదుక్కుంటూ అలిసిపోయిందన్నమాట.

ప్రహరీ నీడను మాత్రం ఖాళీగా వదలనక్కరలేదు. దట్టమైన అడవిలో పెద్ద చెట్ల కింద పెరిగే మొక్కలు లేవా? నీడకు అలవాటు పడిన ఆకులు పలుచగా, వెడల్పుగా ఉండి కొద్దిపాటి వెలుగును కూడా పట్టుకోగలవు. మన రైతులు అవిసె చెట్ల నీడలో తమలపాకు తీగలు పెంచేది ఇందుకే. తమలపాకు, పసుపు, అల్లం, పుదీనా, ఫెర్న్ మొక్కలు ఆ వైపు నాటవచ్చు. గోడకు తెల్లసున్నం వేస్తే అది వెలుగును వెనక్కి కొట్టి, నీడలోని మొక్కలకు మరికాస్త అందిస్తుంది.

గోడలూ పొలాలే

మన పెరటి నేల 160 చదరపు అడుగులు. రెండు గోడలూ కలిపితే 320 చదరపు అడుగులు, నేలకు రెట్టింపు! తీగ మొక్కలు లావుపాటి మానును పెంచుకోవు. వేరొకదాని ఆసరాతో వెలుగులోకి ఎగబాకుతాయి. దొండ నులితీగలతో పట్టుకుంటుంది. చిక్కుడు కాండమే చుట్టుకుంటుంది. తమలపాకు కణుపుల దగ్గరి వేళ్లతో అతుక్కుంటుంది. దొండ, చిక్కుడు పాదులను ఇంటి గోడ మీదుగా డాబా మీదికి పాకించండి. గోడకు చెమ్మ పట్టకుండా వెదురు తడికను కాస్త ఎడంగా నిలబెట్టాలి. రావి, మర్రి మొలిస్తే మాత్రం వెంటనే పీకేయండి. వాటి వేళ్లు గోడలను పగలగొడతాయి.

సిమెంటు చేయిస్తే ఏం పోతుంది?

ఒక సెంటీమీటరు వాన కురిస్తే ఈ చిన్న పెరట్లోనే సుమారు 150 లీటర్ల నీరు పడుతుంది. మట్టి ఉంటే చాలావరకు నేలలోకి ఇంకుతుంది. సిమెంటు ఉంటే కాలువలోకి పోతుంది. ఆకుల నుంచి ఒక్కొక్క గ్రాము నీరు ఆవిరయ్యేటప్పుడు సుమారు 580 కెలోరీల వేడిని తీసుకుపోతుంది. వేసవిలో మొక్కలున్న పెరడు చల్లగా ఉండటానికి ఇదొక కారణం. కుండీల కింది పళ్లేలలో మాత్రం నీరు నిలవనీయకండి, దోమలు గుడ్లు పెడతాయి.

మీ పెరడు ఏ దిక్కున ఉందో, పక్కింటి మేడ ఎంత ఎత్తుందో మీకే తెలుసు. వచ్చే ఆదివారం ఒక సుద్దముక్క తీసుకుని ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు గంటగంటకూ నీడ అంచును నేల మీద గీయండి. ఏ మూల ఎన్ని గంటలు ఎండ పడిందో నోటుబుక్కులో రాయండి. నెలకొకసారి మళ్లీ గీసి, గీత ఎటు జరిగిందో చూడండి. ఆ తర్వాత మీ అమ్మగారికి మీరే చెప్పగలరు, ఈసారి గులాబిని ఎక్కడ నాటాలో!