అందరూ తీర్పరులే

బిగ్‌బాస్ చూస్తామని నలుగురిలో ఒప్పుకునేవాళ్లు తక్కువ. ఇంట్లోవాళ్లు పెడితే అటు చూపు పడుతుందంతే అనేవాళ్లే ఎక్కువ. తీరా కదిపి చూస్తే సోమవారం నామినేషన్లలో ఎవరు ఎవరి మీద నోరు పారేసుకున్నారో, ఎవరిది సేఫ్ గేమో, ఎవరు కంటెంట్ కోసం గొడవ పెట్టుకున్నారో పూసగుచ్చినట్టు చెప్పేదీ వాళ్లే. 2017 జులైలో జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా స్టార్ మాలో మొదలైన ఈ షో మరుసటి ఏడాది నాని చేతికి, 2019లో నాగార్జున చేతికి వచ్చింది. కరోనా భయంతో జనం గడప దాటని 2020లోనూ ఆగలేదు. ఛీ అన్నవాళ్లున్నారు, నిషేధించమని కోర్టు మెట్లెక్కినవాళ్లున్నారు. అయినా ఏటా కొత్త సీజన్ వస్తూనే ఉంది. ఇంత తిట్టుకుంటూ ఇంతగా ఎందుకు చూస్తారు? దీనికి రెండు సమాధానాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. చవగ్గా తయారయ్యే సరుకు కాబట్టి ఛానళ్లు మన నెత్తిన రుద్దుతున్నాయన్నది ఒకటి. పక్కింట్లోకి తొంగిచూసే పాడుబుద్ధి మనిషికి పుట్టుకతోనే ఉందన్నది రెండోది. రెండింట్లోనూ కొంత నిజం లేకపోలేదు, కానీ ఏ ఒక్కటీ అసలు సంగతిని పట్టుకోలేదు.

చవక మాట ముందు చూద్దాం. అమెరికాలో 1988లో రచయితలు సమ్మెకు దిగినప్పుడు కథలూ సంభాషణలూ అక్కర్లేని కార్యక్రమాల కోసం ఛానళ్లు వెతుక్కున్నాయి. 1989లో వచ్చిన ‘కాప్స్’ అలా పనికొచ్చిందే. పోలీసుల వెనకాలే కెమెరా వెళ్తుంది, నటుల ఖర్చు లేదు. స్వీడన్‌లో 1997లో ‘ఎక్స్‌పెడిషన్ రాబిన్సన్’ మొదలైంది. నెదర్లాండ్స్‌లో 1999లో జాన్ డి మోల్ ‘బిగ్ బ్రదర్’ తెచ్చాడు. మొదటిది 2000లో ‘సర్వైవర్’ పేరుతో అమెరికా చేరి, ఆఖరి ఎపిసోడ్‌తో దాదాపు 5 కోట్ల మందిని టీవీల ముందు కూర్చోబెట్టింది. రెండోది 2006లో అర్షద్ వార్సీ వ్యాఖ్యాతగా హిందీ ‘బిగ్‌బాస్’ అయింది. ఒకచోట లెక్క కుదిరిన నమూనాను దేశదేశాలకు అమ్ముకోవడం లాభసాటి వ్యాపారమే. అయితే ఈ లెక్కంతా ఛానళ్లు ఎందుకు తీస్తున్నాయో చెబుతుంది గానీ, జనం ఎందుకు చూస్తున్నారో చెప్పదు. చవగ్గా తీసినా ఎవరూ చూడక మూలపడిన కార్యక్రమాలు కొల్లలు. పైగా అగ్ర కథానాయకుడి పారితోషికం, నెలల తరబడి నిలిపి ఉంచే సెట్టు, పదుల కొద్దీ కెమెరాలు, రాత్రింబవళ్లు పనిచేసే సిబ్బంది కలిస్తే తెలుగు బిగ్‌బాస్ చవకబేరమేమీ కాదు.

తొంగిచూపు వాదం దీనికంటే కాస్త గట్టిది. కానీ రాబిన్ నబీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2003లో ప్రేక్షకులను అడిగి చూస్తే, రహస్యంగా చూసే సరదా పెద్ద కారణంగా తేలలేదు. మరుసటి ఏడాది స్టీవెన్ రీస్, జేమ్స్ విల్ట్జ్ 239 మంది మీద చేసిన అధ్యయనం ఇంకో వైపు వేలు చూపించింది. రియాలిటీ షోలు ఎక్కువగా చూసేవాళ్లలో బలంగా కనిపించిన కోరిక హోదా. తనకూ ఒక విలువ ఉందనిపించుకోవాలన్న కోరిక అన్నమాట. మామూలు బుద్ధితో ఆలోచించినా అర్థమవుతుంది. తొంగిచూడటమే ఆనందమైతే ఆ ఇంటి 24 గంటల ప్రసారమే అందరికీ నచ్చాలి. 2022లో ‘బిగ్‌బాస్ నాన్‌స్టాప్’ పేరుతో ఓటీటీలో ఆ ముచ్చటా తీర్చారు. తీరా చూస్తే అందులో ఎక్కువ భాగం వంట, నిద్ర, పొద్దుపోని కబుర్లు. మర్నాడు ఆఫీసులో చర్చకొచ్చేది అది కాదు. ఒకడు ఇంకొకడికి అన్యాయం చేశాడా లేదా అన్న ఆ అయిదు నిమిషాలే చర్చకొస్తాయి.

ఆ చర్చలోనే ఉంది కీలకం. ఈ షోలు ప్రేక్షకుడికి తీర్పరి కుర్చీ ఇస్తాయి. అదీ ఎలాంటి తీర్పు? ఎవరైనా చెప్పగలిగినది, చెప్పే అర్హత తనకు లేదని ఏ ఒక్కరూ అనుకోనిది. తెలుగువాళ్లు చూసిన పోటీ కార్యక్రమాలు నడిచిన దారి గమనిస్తే ఇది తేటపడుతుంది. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పుడు తీర్పు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంది, ఆయన పిలిచిన సంగీతజ్ఞులది. శ్రుతి ఎక్కడ తప్పిందో, ‘ళ’ బదులు ‘ల’ ఎక్కడ పలికారో ఆయన చెబితే ఇంట్లో కూర్చున్నవాళ్లు తల ఊపడమే. 2004లో ‘ఇండియన్ ఐడల్’ ఆ అధికారంలో సగం తెచ్చి ఎస్ఎంఎస్ రూపంలో ప్రేక్షకుడి చేతిలో పెట్టింది. 2006లో కారుణ్య రెండో స్థానంలో నిలిచినప్పుడు, 2010లో శ్రీరామచంద్ర గెలిచినప్పుడు మనవాడికి ఓటెయ్యండంటూ తెలుగునాట సాగిన ప్రచారం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయినా పాట విషయంలో సామాన్యుడికి మనసులో ఎక్కడో బెరుకు ఉంటుంది. రాగం, తాళం తనకేం తెలుసని. బిగ్‌బాస్ ఆ బెరుకును కూడా తీసేసింది. అక్కడ పాటా అక్కర్లేదు, ఆటా అక్కర్లేదు. మార్కులు వేయాల్సింది మనిషి నడతకే. అందులో మనకు తెలియనిదేముంది? సంబంధం కుదుర్చుకునే ముందు అవతలివాళ్ల వాలకం చూడటం, అప్పిచ్చే ముందు మనిషిని తూచడం, ఉమ్మడి ఇంట్లో తోడికోడలి మాట వెనక మాట పట్టుకోవడం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్న పనులే. గాయకుడు రేవంత్ సంగతి చూడండి. 2017లో ఇండియన్ ఐడల్ గెలిచింది గొంతుతో. 2022లో బిగ్‌బాస్ ఆరో సీజన్‌లో ఉన్నన్నాళ్లూ జనం చర్చించింది అతని కోపం గురించి. ఆ సీజనూ గెలిచాడు, కానీ ఈసారి వేసిన మార్కులు వేరు.

నామినేషన్ల తంతును కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే షో ప్రాణం అక్కడే ఉంది. ఎవరిని ఇంటికి పంపాలనుకుంటున్నారో ముఖం మీదే చెప్పాలి, కారణమూ చెప్పాలి. అవతలివాడు సమాధానం చెప్పుకుంటాడు. మాటకు మాట పెరుగుతుంది. ‘మొన్న వంటగదిలో అన్నమాటేంటి, ఇప్పుడంటున్నదేంటి’ అని పాత సాక్ష్యాలు బయటికొస్తాయి. శనివారం నాగార్జున వచ్చి వీడియో వేసి చూపిస్తాడు. మనం మాత్రం అంతా ముందే చూసి ఉన్నాం. వెనకాల ఎవరు ఏమన్నారో ఆ ఇంట్లో ఉన్నవాడికి తెలియదు, మనకు తెలుసు. నిజ జీవితంలో ఇలాంటి అవకాశం ఎవరికీ దొరకదు. మన వెనక ఏమనుకుంటున్నారో మనకు తెలియదు, ఎవరు ముందు మొదలుపెట్టారో తేలదు, గొడవకు వీడియో ఉండదు. అసలు బతుకులో సాక్ష్యాలు లేక వాయిదా పడుతూ వచ్చిన తీర్పులన్నీ ఇక్కడ సాక్ష్యంతో సహా ఇవ్వొచ్చు. ఇంకో సౌకర్యమూ ఉంది. ఆడపడుచు గురించి నోరు జారితే ఆ మాట తిరిగి తిరిగి ఆవిడ చెవిన పడుతుంది. పోటీదారు గురించి ఏమన్నా మనకు నష్టం లేదు. ఊళ్లు ఖాళీ అయి, అన్నదమ్ములు తలో నగరంలో, తలో దేశంలో ఉంటున్న ఈ రోజుల్లో నలుగురికీ తెలిసిన మనుషులే కరవయ్యారు. వరంగల్‌లో అక్కా, డల్లాస్‌లో చెల్లెలూ ఫోన్లో కలిసి ఆడిపోసుకోవడానికి ఇద్దరికీ తెలిసిన మనుషులు కావాలి కదా. ఆ పదిహేను ఇరవై మందిని స్టార్ మా ఏటా సరఫరా చేస్తోంది.

ఎవరు గెలుస్తున్నారో చూసినా ఇదే కనిపిస్తుంది. 2018లో ఇంట్లో తక్కినవాళ్లంతా ఒక్కటై కౌశల్‌ను మూలకు నెట్టిన కొద్దీ బయట అతనికి మద్దతు పెరిగింది, ఆఖరికి అతనే గెలిచాడు. 2019లో యాంకర్‌గా ఆరితేరిన శ్రీముఖి రన్నరప్‌గా ఆగిపోయి, మనసులో ఉన్నది మొహం మీదే అనేసే రాహుల్ సిప్లిగంజ్ విజేత అయ్యాడు. 2023లో రైతుబిడ్డగా అడుగుపెట్టిన పల్లవి ప్రశాంత్‌ను నామినేషన్లలో తోటివాళ్లు నిలదీసిన తీరే అతనికి బలమైంది. లంబాడిపల్లి గంగవ్వ 2020లో అయిదు వారాలుండి ఆరోగ్యం సహకరించక బయటికొచ్చేసింది. అయినా ఆమెకు దక్కిన అభిమానం ఆఖరిదాకా ఉన్న కొందరికి దక్కలేదు. ప్రతిభ, అందం, అప్పటికే ఉన్న పేరు ఓటును తేల్చేస్తాయనుకుంటే ఈ ఫలితాలు అర్థం కావు. ఒంటరిని చేసి కొట్టారన్న కోపం, మనసులో ఏముంటే అదే పైకి అంటున్నారన్న నమ్మకం కలిపి చూస్తేనే అర్థమవుతాయి. ఇవి న్యాయం గురించిన భావాలు. మోటువి కావచ్చు, తొందరపాటువి కావచ్చు, కానీ న్యాయం గురించినవే.

ఇక్కడ ఎవరైనా అడ్డుపడతారు. అంతా ముందే రాసిపెట్టుకున్న నాటకం కదా, ఆ మాత్రం తెలియని అమాయకులు తీర్పరులేమిటని. తమాషా ఏమిటంటే అమాయకులు ఎవరూ లేరు. బ్రిటన్‌లో అన్నెట్ హిల్ వేలమంది ప్రేక్షకుల అభిప్రాయాలు సేకరిస్తే, కెమెరా ముందు జనం అతి చేస్తారని ఎక్కువమంది ఒప్పుకున్నారు. వాళ్లు ఎదురుచూసేది ఆ నటన మధ్యలో ముసుగు జారే క్షణం కోసం. మన దగ్గరా అంతే. ‘ఫేక్’, ‘జెన్యూన్’, ‘మాస్క్’ అన్న మాటలు లేకుండా ఒక్క సీజను గడవదు. నటిస్తున్నారని తెలుసు కాబట్టే ఎంతవరకు నటిస్తున్నారో పట్టుకోవడం ఆటయింది. వంద రోజుల పాటు ఆకలి, నిద్రలేమి, బయటి ప్రపంచంతో తెగిపోయిన సంబంధం కలిసినప్పుడు ఏదో ఒక రోజు నటన అలసిపోతుందని ప్రేక్షకుడి లెక్క. తెరమీద నవ్వించే సంపూర్ణేశ్ బాబు మొదటి సీజన్‌లో పట్టుమని రెండు వారాలైనా ఉండలేక బయటికొచ్చేశాడు. ఆ లెక్క పూర్తిగా తప్పు కాదు.

ఈ తీర్పరితనానికి ఉన్న అసలు లోపం వేరే ఉంది. న్యాయమూర్తికి అందే సాక్ష్యమంతా ఒకరి చేతుల మీదుగానే వస్తుంది. 24 గంటల బతుకును గంటకు కుదించినప్పుడు ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో, ఏ మాట తర్వాత ఏ ముఖం చూపించాలో ఎడిటింగ్ గదిలో నిర్ణయిస్తారు. ప్రోమోలో పులిలా కనిపించినవాడు ఎపిసోడ్‌లో పిల్లిగా తేలడం మనం రోజూ చూసేదే. ఆ చిన్న మోసం చూసి నవ్వుకుంటాం గానీ, ఎపిసోడ్ కూడా అలాంటి కత్తిరింపేనన్న సంగతి కోపం వచ్చినప్పుడు గుర్తుండదు. కోపం టీవీ దగ్గర ఆగదు. 2018లో కౌశల్ ఆర్మీ పేరుతో లేచిన అభిమానుల దండు ఇతర పోటీదారులనే కాదు, పక్షపాతం చూపిస్తున్నాడంటూ వ్యాఖ్యాత నానినీ వదల్లేదు. 2023 డిసెంబరులో ఫినాలే రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట పోటీదారుల కార్లు, ఆర్టీసీ బస్సులు పగిలాయి. కప్పు గెలిచిన ప్రశాంత్‌ను ఆ గొడవ కేసులో రోజుల్లోనే పోలీసులు అరెస్టు చేశారు, ఆ తర్వాత బెయిలు వచ్చింది. 2007లో బ్రిటన్ ‘సెలబ్రిటీ బిగ్ బ్రదర్’లో శిల్పాశెట్టిని జాత్యహంకారంతో వేధించారని 40 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. శిల్ప గెలిచింది. వేధించినవారిలో ముందున్న జేడ్ గూడీని దేశమంతా ఛీకొట్టింది. మరుసటి ఏడాది అదే జేడ్, శిల్ప వ్యాఖ్యాతగా ఉన్న హిందీ బిగ్‌బాస్‌కు వచ్చి, ఆ ఇంట్లో ఉండగానే తనకు క్యాన్సర్ అన్న వార్త విన్నది. 2009 మార్చిలో చనిపోయేనాటికి ఆమెకు 27 ఏళ్లు. ఛీకొట్టిన దేశమే కన్నీరు పెట్టుకుంది.

మన దగ్గర ఈ షో మీద వచ్చే అభ్యంతరాలు మాత్రం ఎప్పుడూ అశ్లీలం చుట్టూనే తిరుగుతాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లిన వ్యాజ్యం కూడా అదే. ఆ ఫిర్యాదు చిన్నదని కాదు. కానీ అశ్లీలం పూర్తిగా తీసేసినా పైన చెప్పిన కథల్లో ఒక్కటీ మారదు. బ్రిటన్‌లో కొన్ని విషాదాల తర్వాత ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2021 నుంచి పోటీదారుల మానసిక క్షేమాన్ని చూసుకోవాల్సిన బాధ్యతను ఛానళ్ల మీద పెట్టింది. సెన్సారు కత్తెర కన్నా ఇది అసలు చోటికి దగ్గరగా ఉన్న పని. మనకు ఇంకో చిన్న పనీ మిగిలే ఉంది. ఈ షో మొత్తం ‘మీ ఓటే తీర్పు’ అన్న మాట మీద నడుస్తోంది. ఒక్కొక్కరు రోజుకు ఒకటికి మించి ఓట్లు వేసుకునే వీలున్న సీజన్లున్నాయి. ఓట్ల కోసం పీఆర్ బృందాలను పెట్టుకుని మరీ ఇంట్లోకి వెళ్తారన్న మాట పరిశ్రమలో అందరి నోటా ఉన్నదే. ఇన్ని ఉన్నా ఆదివారం ఎలిమినేషన్ ప్రకటించేటప్పుడు ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో, అవి ఎంతమంది వేసినవో వివరం బయటపెట్టరు. వార్డు మెంబరు ఎన్నికలో కూడా లెక్క చదివి వినిపిస్తారు. తీర్పరులమని చెప్పించుకుంటున్న ప్రేక్షకులు ఛానల్‌ను ముందు అడగాల్సింది ఆ లెక్కే.