హక్కు మనది, ఆనవాలు బోర్డుది

1926 లో బందరున వెలసిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ ప్రయోగశాలలకు శాస్త్రపరికరములను చేసి పంపిన సంస్థ. అట్టి కార్ఖానానుండి ఒక పరికరమును కొన్నవాడు వెల చెల్లించి ఇంటికి గొనిపోయిన క్షణమునుండియే దానికి సర్వాధికారి. అద్దము పగిలినచో క్రొత్తది వేయించుకొనును, మర చెడినచో మార్పించుకొనును, ఆ మార్పును గూర్చి పరికరము వానిని ప్రశ్నింపదు. నేడు గుడివాడలోనో అవనిగడ్డలోనో ఒక గృహస్థు తన కంప్యూటరునకు మదర్‌బోర్డు మార్పించి తెచ్చుకొని మీట నొక్కగా, తెర కుడివైపు అడుగున 'యాక్టివేట్ విండోస్' అను పలుచని అక్షరములు పొడసూపుట కద్దు. సొమ్ము చెల్లించిన బిల్లు బీరువాలో భద్రముగానే యున్నను యంత్రము తన యజమానిని ఎఱుగనట్లు ప్రవర్తించుటకు కారణము తెలియవలెనన్నచో, యాక్టివేషన్ అను ఈ యేర్పాటు పుట్టుపూర్వోత్తరములను కొంత తఱచిచూడవలెను.

నకలు తీయుట సులభమగుటయే సాఫ్ట్‌వేర్ వర్తకమునకు పుట్టుకతో వచ్చిన చిక్కు. 1975 లో ఆల్టెయిర్ అను చిన్న కంప్యూటరుకొఱకు బిల్ గేట్స్, పాల్ అలెన్ తమ మిత్రుని సహాయముతో సిద్ధపఱచిన బేసిక్ భాష, రంధ్రములు పొడిచిన కాగితపు టేపు రూపమున వ్యాప్తిలోనికి వచ్చెను. కొన్నవారికంటె నకళ్ళు తీసికొన్నవారే హెచ్చుగా నుండుటచే గేట్స్ 1976 ఫిబ్రవరి 3 వ తేదీతో బహిరంగలేఖ వ్రాసి తన ఆవేదనను వెళ్ళబోసికొనెను. లేఖతో తీరని సమస్యకు తాళము కనిపెట్టుటకు మఱి రెండు దశాబ్దములు ప్రయత్నము జరిగినను, ఆ తాళములు మిక్కిలి బలహీనములు. గేట్స్ మైక్రోసాఫ్ట్ కంపెనీ దుకాణములద్వారా అమ్మిన విండోస్ 95 ప్రతులకు ఇచ్చిన సంఖ్యలో చివరి యేడంకెలను కూడగా వచ్చు మొత్తము ఏడుచేత నిశ్శేషముగ భాగింపబడవలెననుట ముఖ్యనియమము. వరుసగా ఏడు ఒకట్లు వ్రాసినను ఆ లెక్క కుదిరెడిది. అంతకంటె పెద్ద లోపము, పరీక్షించువాడు పరీక్షింపబడు పెట్టెలోనే యుండుట. ఒక సంఖ్య వేయి యిండ్లలో వాడబడుచున్నదని ఏ యింటి కంప్యూటరునకును తెలియు మార్గము లేకుండెను.

ఆ మార్గమును 2001 అక్టోబరు 25 న విడుదలయిన విండోస్ ఎక్స్‌పి ఏర్పఱచెను. ఇరువదియైదక్షరముల ప్రోడక్ట్ కీ ఇచ్చినంతమాత్రమున పని ముగియక, ప్రాసెసరు, హార్డ్ డిస్కు, మెమరీ, నెట్‌వర్క్ కార్డు మొదలగు పది విషయములనుండి ఆ యంత్రమునకొక ఆనవాలు తయారయ్యెడిది. భాగముల వివరములు యథాతథముగ కంపెనీకి పోయెడివి కావు. బియ్యపు పిండినుండి గింజలను మరల కూర్పలేనట్లు, మూలమును తిరిగి రాబట్టుటకు వీలులేని సంక్షిప్తరూపముగ వానిని మార్చి, కీతో జోడించి యాభై యంకెల సంఖ్యను కల్పించెడివారు. ముప్పది దినములలోపల ఈ సంఖ్య కంపెనీ సర్వరునకు చేరవలసియుండెను. ఇంటర్నెట్టు లేని యింటివారు టెలిఫోనులో ఆ యాభై యంకెలను ఒక్కటొక్కటిగ చదివి వినిపించి, అవతలనుండి వచ్చు నలుబదిరెండంకెలను తప్పులేకుండ వ్రాసికొని, గళ్ళలో నింపవలసివచ్చెడిది. ఒక్క యంకె తారుమారైనను మొత్తము చెల్లెడిది కాదు. అయినను ఆ తొలినాటి నిబంధనలో కొంత ఔదార్యముండెను. నెట్‌వర్క్ కార్డు మారకున్నచో తక్కిన భాగములలో ఐదింటివఱకు మారినను యంత్రము పాతదిగానే చెల్లెడిది.

2012 లో విండోస్ 8 వచ్చుసరికి కథ మలుపు తిరిగెను. తయారీసంస్థలు కీని పెట్టెమీది చీటీనుండి తొలగించి, మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ చిప్పునందే నిక్షేపింపసాగినవి. 2015 లో వచ్చిన విండోస్ 10 లో 'డిజిటల్ లైసెన్స్' అను పద్ధతి ప్రబలి, బోర్డు ఆనవాలే సర్వరులో నమోదయి యుండును గనుక కీ వ్రాయవలసిన పనియే చాలమందికి తప్పినది. మెమరీ పెంచుకొన్నను, డిస్కు మార్చుకొన్నను సాధారణముగ చిక్కు రాదు; బోర్డు మారినచో మాత్రము అది మఱియొక యంత్రమే. సముద్రము దవ్వుగా లేని బందరు, నాగాయలంక ప్రాంతములలో గాలియందు ఉప్పును తేమయు కలిసియుండును. లవణకణములు తేమను పీల్చి రాగితీగెలమీద, కనెక్టర్లమీద పలుచని పొరయై చిలుము పట్టించును. దీనికి కరెంటు హెచ్చుతగ్గులు తోడైనచో దెబ్బతిను భాగములలో ఆ బోర్డు ఒకటి. అట్లు చెడు భాగమునకే హక్కును ముడివేయుట ఈ సీమవారికి అదనపు బాధ.

ఇక యాక్టివేషన్ కుదరనప్పుడు తెరపై కనబడు ఎర్రర్ కోడ్ తిట్టు కాదు, రోగనిదానము. 0ఎక్స్803ఎఫ్7001 అనగా ఈ యంత్రము పేర లైసెన్సు దొరకలేదని. బోర్డు మార్చిన పిమ్మట కనబడునది తఱచుగ ఇదియే. 0ఎక్స్‌సి004సి008 అనగా ఆ కీ పరిమితికి మించి వాడబడినదని. 0ఎక్స్‌సి004ఎఫ్074 కథ విచిత్రమైనది. కళాశాలలకు, కార్యాలయములకు అమ్ము ప్రతులు ఆ సంస్థలోని సర్వరును తఱచుగ పలుకరించుచుండవలెను. పలుకరింపు కుదిరినప్పుడెల్ల నూటయెనుబది దినముల గడువు లభించును. అట్టి కంప్యూటరును సెకండ్‌హ్యాండులో కొని తెచ్చుకొన్నచో, గడువు తీరువఱకు సుఖముగ నడచి, పిమ్మట ఇంటిలో లేని సర్వరుకొఱకు వెదకి వెదకి ఈ కోడును చూపును. దీనికి మందు ఇంటి వాడుకకు తగిన ఎడిషను, దానికి సరియైన కీ. ఉచితముగ యాక్టివేట్ చేయుదునని ముందుకు వచ్చు 'క్రాక్' ఆంటీవైరసును ఆపివేయుమని కోరునది గనుక, దానితోపాటు ఇంకేమి లోపల ప్రవేశించినదో వేసికొన్నవానికి తెలియదు.

కోడు ఏదైనను మొదట చూడవలసినది తెర మూలనున్న తేదీ. కరెంటు లేనప్పుడు గడియారమును నడపునది బోర్డుమీది సి.ఆర్.2032 అను మూడు వోల్టుల బిళ్ళ బ్యాటరీ. అది క్షీణించినచో తేదీ ఏండ్ల వెనుకకు పోవును, సర్వరు చూపు భద్రతాపత్రము 'ఇంకను అమలులోనికి రానిది'గ తోచి సంధానమే తెగిపోవును. చవుక బ్యాటరీతో తీరు చిక్కునకు క్రొత్త విండోస్ వేయించుకొన్నవారు లేకపోలేదు. ఒక్కొక్కప్పుడు దోషము మన యింట లేనేలేదు: 2007 ఆగస్టు 24 న కంపెనీ సర్వరులే పొరబడి సక్రమమైన విండోస్‌ను నకిలీ యని ముద్రవేసినవి; 2018 నవంబరు 8 న విండోస్ 10 ప్రో కొన్నవారికి మీది లైసెన్సు హోమ్ ఎడిషనుకే చెల్లునని తెలిపినవి. అట్టి దినమున ఉత్తమ చికిత్స మఱునాటివఱకు వేచియుండుట.

కావున బోర్డు మార్పించుటకు ముందే తెలిసికొనవలసినవి రెండు. లైసెన్సు విడిగా కొన్న రిటైల్ ప్రతియా, కంప్యూటరుతో వచ్చిన ఓ.ఈ.ఎం. ప్రతియా యనునది మొదటిది. రిటైలు ప్రతిని పాత యంత్రమునుండి తొలగించి క్రొత్తదానికి మార్చుకొనవచ్చును, ఓ.ఈ.ఎం. ప్రతి మాత్రము తాను వచ్చిన కంప్యూటరుకే కట్టుబడియుండును. రెండవది, సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పుటలో లైసెన్సు మైక్రోసాఫ్ట్ అకౌంటుతో ముడివడియున్నదా లేదా యనునది. ముడివడియున్నచో, బోర్డు మారిన పిమ్మట అదే పుటలోని ట్రబుల్‌షూట్ నొక్కి, 'ఇటీవల హార్డ్‌వేర్ మార్చితిని' అను వరుసను ఎన్నుకొని, తన పాత యంత్రము పేరును జాబితాలో చూపవచ్చును. బోర్డు ఎఱుగనిదానికి అప్పుడు మనుష్యుని పేరు సాక్ష్యమిచ్చును. ఈ సాక్ష్యమును బోర్డు బ్రతికియున్నప్పుడే సమకూర్చుకొనవలెను. ముందు ముడి వేయని లైసెన్సును పిమ్మట ఆ జాబితాలో వెదకుట వృథా.