హెచ్చరికయా? దోషమా?

బట్టకు అంటిన నూగును ఆంగ్లమున లింట్ అందురు. సి భాషలోని ప్రోగ్రాములందు అనుమానాస్పదములగు భాగములను ఎత్తిచూపుటకై 1978లో బెల్ ప్రయోగశాలలలో స్టీఫెన్ జాన్సన్ రచించిన సాధనమునకు ఈ పేరే పెట్టిరి.

నేడు ప్రోగ్రామును సిద్ధపరచు బిల్డ్ సాధనములు ఇట్టి పరీక్షను జరిపించి, ఫలితమును లాగ్ అను చిట్టాలో వ్రాయును. అందు ప్రతి పంక్తికిని సమాచారము, హెచ్చరిక, దోషము అను స్థాయిలలో ఒకటి యుండును. పరీక్షలో దొరికిన లోపమునకు ఏ స్థాయి నీయవలెను?

పర్యవసానమును బట్టియే స్థాయిని నిర్ణయింపవలెను. లోపమువలన బిల్డ్ ఆగిపోయినచో, కారణము దోషస్థాయిలోనే కనబడవలెను. గ్రేడిల్ అను సాధనము సమాచారస్థాయి పంక్తులను మామూలుగా తెరపై చూపదు. కారణమును అచట వ్రాసినచో, పని నిలిచినదని తెలియునే గాని ఎందుకో తెలియదు. పని సాగుచుండగా దోషమని కేకవేయుటయు తప్పే. 'నాన్నా పులి' కథలోని బాలుని వలె, నిజమైన ఆపదవేళ దానిని నమ్మువారుండరు. అట్టిచోట హెచ్చరిక చాలును.

జావాస్క్రిప్టును పరీక్షించు ఈఎస్‌లింట్ ఈ భేదమును అంకెలతో తెలుపును. హెచ్చరికలు మాత్రమే యున్నచో అది మామూలుగా 0ను, దోషమున్నచో 1ని, పరీక్షయే సాగనిచో 2ను తిరిగి యిచ్చును. రోగికి జ్వరమున్నదనుట వేరు, థర్మామీటరు పగిలినదనుట వేరు గదా!