నెల తప్పిందని దాచకండి, రాసి చెప్పండి

ఫెన్‌హామ్‌లోనో ఎల్స్‌విక్‌లోనో ఉంటూ కేర్ పనికి, క్లీనింగ్‌కి, సైట్ పనికి వెళ్ళే మన ఆడవాళ్ళు చాలామంది నాలుగైదు నెలలు నిండేదాకా పనిచోట నోరు విప్పరు. "తెలిస్తే షిఫ్టులు కోసేస్తారు, వీసాకి ఇబ్బంది" అని భయం. ఆ భయంలో తప్పులేదు. కానీ మీ యజమానికి తెలియని విషయంలో చట్టం మీకు అండగా నిలవడం కష్టం. దాచితే నష్టం మీకే.

2010 సమానత్వ చట్టం ప్రకారం గర్భం వచ్చిందని పనిలోంచి తీసేసినా, షిఫ్టులు తగ్గించినా అది వివక్ష. దీనికి రెండేళ్ళ సర్వీసు అక్కర్లేదు, మొదటిరోజు నుంచే రక్షణ ఉంది. ఏజెన్సీ ద్వారా పనిచేసేవాళ్ళకీ వివక్ష నుంచి రక్షణ ఉంది.

"నువ్వు సెలవు పెడితే మా పని ఎలా?" అని అడుగుతారు. కరోల్ వెబ్ అనే ఆవిడని 1987లో ఒక కంపెనీ పనిలోకి తీసుకుంది. మొదట చెయ్యాల్సింది ప్రసూతి సెలవుకి వెళ్తున్న మరో ఉద్యోగిని పని. కొన్ని వారాలకే ఈవిడా గర్భవతి అయింది, తీసేశారు. కేసు యూరప్ కోర్టు దాకా వెళ్ళింది. 1994లో తీర్పు ఆవిడ వైపే వచ్చింది. పర్మినెంట్‌గా తీసుకున్న మనిషిని గర్భం కారణంగా తియ్యడానికి "పనికి ఇబ్బంది" అన్నది సాకు కాదని తేలింది.

మీరు రాసి ఇచ్చాక యజమాని మీ పనిలో ఉన్న ప్రమాదాలు చూడాలి. బరువులెత్తడం, నిచ్చెనలెక్కడం, రసాయనాలు లాంటివి ఉంటే పని మార్చాలి. వేరే పని లేకపోతే పూర్తి జీతంతో ఇంట్లో ఉంచాలి. అయితే ఒక కుటుంబం నేరుగా తమ ఇంటిపనికి పెట్టుకున్నవాళ్ళకి ఈ భద్రతా నిబంధనలు వర్తించవు. వివక్ష నుంచి రక్షణ మాత్రం వాళ్ళకీ ఉంది.

ఉద్యోగి అయితే డాక్టరు, మిడ్‌వైఫ్ అపాయింట్‌మెంట్లకి జీతంతో టైమ్ ఇవ్వాలి. ఏజెన్సీవాళ్ళకి ఒకేచోట 12 వారాలు చేశాక ఈ హక్కు వస్తుంది.

ఇక డబ్బు లెక్క. ఇండియాలో 26 వారాలు పూర్తి జీతం అని విని ఉంటారు. ఇక్కడి లెక్క వేరు. ఉద్యోగికి సెలవు 52 వారాలు, అందులో 39 వారాలకి డబ్బు వస్తుంది. మొదటి 6 వారాలు సగటు జీతంలో 90 శాతం. తర్వాత 33 వారాలు వారానికి 187.18 పౌండ్లు (ఇది 2025-26 రేటు), లేదా ఆ 90 శాతం, ఏది తక్కువైతే అది. వారానికి 400 పౌండ్లు వచ్చే ఆవిడకి 360 చొప్పున ఆరు వారాలు, తర్వాత 187.18 చొప్పున 33 వారాలు. ఆ రేటుతో మొత్తం 8,336.94 పౌండ్లు, టాక్సు కోతలకి ముందు.

దీనికి కాన్పు వారానికి 15 వారాల ముందు నాటికి అదే యజమాని దగ్గర 26 వారాలు పనిచేసి ఉండాలి, సగటున వారానికి 125 పౌండ్లు (2025-26 లెక్క ప్రకారం) రావాలి. కుదరకపోతే మెటర్నిటీ అలవెన్స్‌కి అర్హత ఉందేమో చూడండి. ఈ రెండూ పబ్లిక్ ఫండ్స్ కిందకి రావు కాబట్టి వీసా మీద ఆ షరతు ఉన్నా తీసుకోవచ్చు. జీతం లేకుండా నాలుగు వారాలు దాటితే స్పాన్సర్‌షిప్ ఆపాలన్న నియమం మెటర్నిటీ సెలవుకి వర్తించదు.

చెయ్యాల్సినవి:

ఈమెయిల్ గానీ మెసేజ్ గానీ పంపండి: "ఐ యామ్ ప్రెగ్నెంట్. మై బేబీ ఈజ్ డ్యూ ఆన్..." అని కాన్పు తేదీ వెయ్యండి. స్క్రీన్‌షాట్ దాచుకోండి.

20 వారాలు నిండాక మిడ్‌వైఫ్‌ని మాట్ బి1 సర్టిఫికెట్ అడగండి. కాన్పు వారానికి 15 వారాల ముందే సెలవు ఎప్పటినుంచో చెప్పండి.

"నువ్వే రాజీనామా రాసిచ్చెయ్, మంచి రిఫరెన్స్ ఇస్తాం" అంటే సంతకం పెట్టకండి. ఉద్యోగిని తీసేస్తే కారణం వాళ్ళే రాసివ్వాలి, మీరు అడక్కపోయినా సరే.

అన్యాయం జరిగితే మూడు నెలలకి ఒకరోజు తక్కువ గడువు. మార్చి 10న తీసేస్తే జూన్ 9 లోపు ఏకాస్‌కి 0300 123 1122కి ఫోన్ చేసి రాజీ ప్రక్రియ మొదలుపెట్టమని చెప్పాలి. ట్రిబ్యునల్‌కి ఫీజు లేదు. కాన్పయ్యాక చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోతుంది. ఇంగ్లీషు రాదని ఆగకండి, తెలిసినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చెయ్యండి.